రైను-డాన్యూబు నదీసంధానము

నదులు భూమిని విభజించుననుట యెంత నిజమో, కలుపుననుటయు నంత నిజము. ఒక నది తన పరీవాహమునందలి యూళ్లను, పంటభూములను, రేవులను కలుపును. కాని రెండు నదుల నడుమనున్న మిట్ట వానిని గలియనీయదు. ఆ మిట్టపై బడిన వానచినుకు ఒకవైపు దొరలినచో నొక సముద్రమును, ఇంకొకవైపు దొరలినచో వేఱొక సముద్రమును చేరును. ఇట్టి మిట్టకు జలవిభాజకమని పేరు. యూరపుఖండమున నుత్తరసముద్రమునకు బోవు రైనునదికిని, నల్లసముద్రమునకు బోవు డాన్యూబునదికిని నడుమనున్న జలవిభాజకమును నావలతో దాటవలెనను సంకల్పము 793వ సంవత్సరమున కార్యరూపము దాల్చి, 1992లో సంపూర్ణముగ నెఱవేఱినది. ఇంచుమించు పండ్రెండువందల యేండ్ల యీ ప్రయత్నమునందు త్రవ్వుట యొక్కటియే కష్టమైన పనియని సామాన్యముగ దలతురు. చరిత్రము పరిశీలించినచో నట్లు తోపదు. మిట్టపై నీరు, కాలమునకు దగిన యక్కఱ, ఇరువైపుల రాజ్యముల నడుమ సంధి యను మూడును సమకూడినప్పుడే త్రవ్విన కాలువ జలమార్గమగును. వీనిలో నేది లోపించినను కాలువ యుండియు లేనట్లేయగునని యీ చరిత్రము చూపుచున్నది.

మొదట దేశస్థితి తెలియవలెను. రైను ఆల్ప్సుపర్వతములయందు బుట్టి సుమారు 1,230 కిలోమీటర్లు ప్రవహించి హాలెండుదేశమున సముద్రమును జేరుచున్నది. డాన్యూబు జర్మనీదేశపు నైరృతిభాగమున నల్లయడవి యనబడు కొండలలో బుట్టి, సుమారు 2,850 కిలోమీటర్లు తూర్పుగా బాఱి, పెక్కు రాజ్యముల దాటి రుమేనియాకడ నల్లసముద్రమున గలియుచున్నది. రైనునకు ముఖ్యోపనది మైను. ఇది జర్మనీ నడుమ బడమటిదిక్కుగా బాఱి మైంట్జు పట్టణముకడ రైనులో బడును. మైనునకు దక్షిణమునుండి వచ్చి బాంబర్గుకడ గలియునది రెగ్నిట్జు. దానికి నీరిచ్చు సెలయేళ్లలో నొకటి రేజాటు. డాన్యూబువైపున ఆల్ట్‌మ్యూలు అను చిన్న యేఱు కెల్‌హైముకడ దానిలో గలియును. ఈ రేజాటును, ఆల్ట్‌మ్యూలును బవేరియాలోని ట్రాయిక్ట్‌లింగెను అను నూరి సమీపమున నొకదాని కొకటి సుమారు రెండు కిలోమీటర్ల దూరమునకు వచ్చును. నడుమనున్న మిట్టయు బెద్దది కాదు. పటమును జూచిన ప్రతివారికి నిచ్చట నొక కాలువ త్రవ్విన జాలుననిపించును. ఆ తలపు మొదట గలిగినవారు ఫ్రాంకుల చక్రవర్తియైన షార్లమేనును, అతని మంత్రులును.

షార్లమేను 791లో డాన్యూబునది వెంబడి తూర్పునకు బోయి అవారుజాతివారితో యుద్ధము చేసెను. తన రాజ్యమునకు బట్టుగొమ్మలైన ప్రదేశములు రైను, మైను నదులవైపు నుండెను. యుద్ధభూమి డాన్యూబువైపు నుండెను. సేనకు వలయు ధాన్యమును, సామగ్రిని నొక నదినుండి యింకొక నదికి బండ్లపై జేర్చుట మిక్కిలి ప్రయాసగ నుండెను. రేజాటు, ఆల్ట్‌మ్యూలుల నడుమ గాలువ త్రవ్వినచో డాన్యూబునుండి రైనునకు నావలు సులభముగ బోవచ్చునని, ఈ సంగతి తెలిసితి మనువారు కొందఱు చక్రవర్తికి విన్నవించినట్లు ఫ్రాంకుల రాజవృత్తాంతములయందు గలదు. 793లో నతడు సపరివారముగ నాచోటికి వచ్చి, బహుజనమును గూర్చి, శరత్కాలమంతయు బని చేయించెను. కాలువ పొడవు రెండువేల యంగలనియు, వెడల్పు మున్నూఱడుగులనియు నా వృత్తాంతము. కాని నేల సహజముగ బురదనేల. పైగా నెడతెగని వానలు. పగలు త్రవ్వి గట్టున వేసిన మన్ను రాత్రికి మరల గోతిలోనికి జాఱెను. ఇంతలో సాక్సనులు తిరుగబడిరనియు, దక్షిణమున సెప్టిమేనియాలో అరబ్బుసేనలు ప్రవేశించెననియు రెండు దుర్వార్తలు వచ్చెను. చక్రవర్తి పని విడిచి, మైనుతీరమందలి వుర్ట్స్‌బర్గుకు బోయి క్రిస్మసుపండుగ జరుపుకొనెను.

ఆ గోతి యానవాలు నేటికిని గలదు. దాని ప్రక్కనున్న పల్లె పేరు గ్రాబెను. జర్మనుభాషలో నా మాటకు గొయ్యి, కందకము అని యర్థము. రాజులేఖకుల మాటలను సంశయించినవారు సైతము ఈ గ్రామనామమును ద్రోసివేయజాలకపోయిరి. 2012 తరువాత బురాతత్త్వజ్ఞులు జరిపిన త్రవ్వకములలో గాలువ యొడ్డునకు దాపుగ బాతిన టేకువంటి గట్టికొయ్యయగు ఓకుదూలములు బురదలో జెడక దొరకినవి. మ్రాని వలయములను లెక్కించు పద్ధతిచే నవి 793 ప్రాంతమున నఱకిన చెట్లవని తేలెను. లిఖితప్రమాణమును, భూగర్భప్రమాణమును నింత దగ్గఱగ నేకీభవించుట యరుదు. అయితే కాలువ యడుగు వెడల్పు సుమారు ఐదు మీటర్లే. లేఖకుడు చెప్పిన మున్నూఱడుగులు కాలువ నీటి వెడల్పు కానేరదు. ఇరువైపుల మట్టికట్టలతో గూడిన మొత్తపు బని వెడల్పును జెప్పెననుకొన్న నర్థము కుదురును. ఆ మార్గమున నావలు నడచినట్లు నమ్మదగిన యాధారము లేదు. పని ముగియలేదనుటయే బహుపండితసమ్మతము.

వానలే యీ పనిని జెఱచినవని చెప్పుట పరిపాటి. అది సత్యమే కాని పూర్ణసత్యము కాదు. మిట్టపై గాలువ త్రవ్వినచో దాని నీరు రెండువైపులకును దిగిపోవును. దిగిన నీటికి బదులు నీరు పైనుండి రావలెను. దిగకుండ నాపుటకు దలుపులు గావలెను. ఈ తలుపులనే గోదావరీ కృష్ణా డెల్టాల జనులు లాకులందురు. నడుమ తొట్టి, ముందు వెనుకల తలుపులు గల లాకులో నావ ప్రవేశించును. వెనుకతలుపు మూసి పైనీటిని లోనికి వదలగా నావ మెట్టెక్కును, నీటిని క్రిందికి వదలగా దిగును. ఇట్టి జంటతలుపుల లాకును చీనాదేశమున చియావో వైయ్యూ అను నధికారి 984లో నిర్మించెను. యూరపులో నీవిద్య వ్యాపించుటకు మఱి కొన్ని శతాబ్దములు పట్టెను. జర్మనీలోని ల్యూబెకునగర వర్తకులు 1391 మొదలు 1398 వఱకు స్టెక్నిట్జు కాలువ త్రవ్వించి, ఎల్బానదిని ట్రావెనదితో గలిపి, ఉత్తరసముద్రమునకును బాల్టికుసముద్రమునకును నడుమ లోభూములగుండ దారి చేసిరి. ల్యూనెబర్గు ఉప్పు ఆ దారిన ల్యూబెకునకు వచ్చెను. జలవిభాజకమును దాటిన కాలువలలో యూరపున నిది మొదటిదని చెప్పుదురు.

మిట్టపై నీరు నిలుపు విద్యను సంపూర్ణముగ సాధించినవాడు ఫ్రాన్సుదేశపు పియెర్ పాల్ రికే. అతడు 1666లో మొదలిడిన దక్షిణపుగాలువ 1681లో దెఱవబడెను. సుమారు 240 కిలోమీటర్ల యీ కాలువ తులూజునగరమునొద్ద గారోన్ నదిని మధ్యధరాసముద్రముతో గలిపి, అట్లాంటికు మహాసముద్రమునుండి మధ్యధరకు లోదారి యేర్పఱచెను. రికే చేసిన ముఖ్యకార్యము త్రవ్వుట గాదు. నల్లకొండల వాగుల నీటిని సాంఫెరెయోల్ అను గొప్ప చెఱువున నిలిపి, దానిని కాలువ యత్యున్నతస్థానమగు నోరూజుకు దెచ్చెను. పైన జెఱువు, క్రింద లాకులు: ఈ రెండును షార్లమేనుకు లేకపోయెను. అతని కాలువ పూర్తియైనను వేసవిలో నిలిచియుండునా యని సందేహింపవలసియున్నది.

రెండవ ప్రయత్నము బవేరియారాజగు మొదటి లూడ్విగుది. అప్పటికి విద్యలోపము లేదు. హైన్‌రిఖ్ ఫాన్ పెఖ్‌మాను అను స్థపతి నిర్ణయించిన మార్గమున 1836లో బని మొదలై 1846లో బూర్తియయ్యెను. బాంబర్గునుండి న్యూరెంబర్గు, నాయ్‌మార్క్టు పట్టణముల మీదుగా కెల్‌హైము వఱకు సుమారు 172 కిలోమీటర్లు, లాకులు నూఱు. నావలను గట్టుపై నడచు గుఱ్ఱములు లాగెడివి. ఎర్లాంగెనుకడ నిలిపిన స్మారకశిల్పముపై, షార్లమేను యత్నించిన కార్యమును లూడ్విగు మరల బూని సమాప్తి చేసెనను నర్థముగల వ్రాత చెక్కిరి. వేయియేండ్ల కోరిక తీఱెనని రాజు సంతసించుట న్యాయమే.

కాని విద్య యున్నను గాలము చేయిచ్చెను. కాలువకు గడ్డపాఱ వేయుటకు ముందే, 1835 డిసెంబరు 7న న్యూరెంబర్గునుండి ఫ్యుర్తుకు జర్మనీదేశపు మొదటి పొగబండి నడచెను. అది యాఱు కిలోమీటర్ల చిన్నదారి. దానిని వింతగ జూచిరే కాని కాలువకు బ్రత్యర్థిగ నెవ్వరు నెంచి యుండరు. 1844లో నదే న్యూరెంబర్గునుండి బాంబర్గుకు, కాలువ వెంబడియే యినుపదారి పడెను. కాలువ యంతయు దెఱచునప్పటికి దాని ప్రక్కన బొగబండి పరుగెత్తుచుండెను. లూడ్విగు కాలువలో నడచు నావ సుమారు 120 టన్నుల కంటె నెక్కువ మోయజాలదు. దానిని జేర్చు మైనునది వేసవిలో లోతు తఱిగి పెద్దనావలకు దారి యీయకుండెను. నూఱు లాకులను దాటుటకు దినములు పట్టెను. మొదటి కొలదియేండ్లు సరకులు బాగుగ నడచినను తరువాత గ్రమముగ క్షీణించెను. రెండవ ప్రపంచయుద్ధమున దెబ్బతిని, 1950లో నా కాలువ నావికావ్యవహారమునకు విడువబడెను. ఇందు నిర్మాణదోషము కొంచెము, ప్రధానదోషము కాలదోషము. ఇరువది యేండ్లు ముందు పుట్టియుండిన నది యొక తరమువారికైన గొప్పమేలు చేసియుండును.

ఆంధ్రదేశమున నిట్టి యనుభవమే కలదు. ధవళేశ్వరపు టానకట్ట 1852లోను, కృష్ణానది యానకట్ట 1855లోను బూర్తియైన తరువాత రెండు డెల్టాల పడవకాలువలు ఏలూరుకడ గలిసి, రాజమహేంద్రవర బెజవాడల నడుమ జలమార్గ మేర్పడెను. అచ్చట రెండు నదుల నడుమ నున్నతమైన మిట్ట లేకపోవుటచే గలయిక సులభమయ్యెను. అయినను రైలుదారి పడిన పిమ్మట పడవలమీది ప్రయాణము క్రమముగ దగ్గెను. ఆ కాలువలు బ్రదికియున్నది పొలములకు నీరిచ్చుటచేతనే. ఒక పనికి ద్రవ్విన కాలువ యింకొక పనిచే నిలుచుట గమనింపదగినది. రైను-డాన్యూబుల విషయమున నీ సంగతి మరల గానవచ్చును.

మూడవ ప్రయత్నము ఇరువదవ శతాబ్దిది. 1921లో జర్మనీ ప్రభుత్వమును, బవేరియా ప్రభుత్వమును గలిసి రైను-మైను-డాన్యూబు సంఘమను వర్తకసంఘమును స్థాపించెను. దీని ధనోపాయము చమత్కారమైనది. మైను మొదలగు నదులపై నానకట్టలు గట్టి విద్యుచ్ఛక్తిని బుట్టించి, దాని నమ్మగా వచ్చు లాభముతో జలమార్గమును నిర్మింపవలెను. ఇట్లు లూడ్విగు కాలమున లోతులేక యడ్డుపడిన మైనునదియే యీసారి లోతైన మెట్లుగా మాఱి, తన్ను నడపు ధనమును దానే సంపాదించియిచ్చెను. 1962లో బాంబర్గు వఱకు, 1972లో న్యూరెంబర్గు వఱకు బెద్దనావలు వచ్చెను. మిగిలినది మిట్ట దాటు భాగము, ఆల్ట్‌మ్యూలు లోయ.

ఇచ్చట గొప్పవివాదము పుట్టెను. వంకలు తిరుగుచు బచ్చికబయళ్ల నడుమ బ్రవహించు ఆల్ట్‌మ్యూలు కడపటి భాగమును సుమారు 34 కిలోమీటర్లు కాలువగా మార్పవలసియుండెను. ప్రకృతిరక్షకులు దీని నెదిర్చిరి. వ్యయమునకు దగిన సరకు రాదని యర్థశాస్త్రజ్ఞులు వాదించిరి. 1981లో జర్మనీ రవాణామంత్రియగు ఫోల్కర్ హౌఫ్ ఈ నిర్మాణమును బైబిలులోని బాబెలు గోపురముతో బోల్చి, అంతకంటె దెలివితక్కువ పని యరుదని యాక్షేపించెను. 1982లో మంత్రివర్గము మాఱగా బని సాగెను. 1992 సెప్టెంబరు 25న గాలువ సంపూర్ణముగ దెఱవబడెను.

దీని పొడవు బాంబర్గునుండి కెల్‌హైమునకు 171 కిలోమీటర్లు. లూడ్విగుకాలువ నూఱులాకులతో నెక్కిదిగిన మిట్టను ఇది పదునాఱు లాకులతో నెక్కిదిగుచున్నది. వానిలో మూడు లాకులు ఒక్కొక్కటి యించుమించు 25 మీటర్లెత్తు. హిల్‌పోల్ట్‌ష్టైను, బాఖ్‌హౌజెను లాకుల నడుమనున్న యున్నతభాగము సముద్రమట్టమునకు 406 మీటర్ల మీద నున్నది. అంత యెత్తున నీరెక్కడిది? రికేకువలె గొండచెఱువులేదు. కెల్‌హైముకడ డాన్యూబునీటినే యంత్రములచే మెట్టుమెట్టుగ బైకెత్తుదురు. లాకు దిగునప్పటి నీటిలో బెక్కుభాగమును ప్రక్కతొట్టెలలో నిలిపి మరల వాడుదురు. ఇట్లు షార్లమేనును బాధించిన ప్రశ్నకు విద్యుచ్ఛక్తి సమాధానము చెప్పెను.

ఇక మూడవయంగము సంధి. నదిని ద్రవ్వుట యొక రాజ్యమునకు సాధ్యము. నావను నడపుట తీరరాజ్యములన్నిటి యంగీకారమునకు లోబడినది. రైనువిషయమున 1815 వియన్నా మహాసభ నౌకాస్వేచ్ఛను బ్రకటించి, దానిని గాపాడుటకు నొక సంఘమును నిర్ణయించెను. 1868 మాన్‌హైము నిబంధనము దానిని స్థిరపఱచెను. డాన్యూబునకు 1856 పారిసు సంధిచే నొక యూరపుసంఘ మేర్పడెను. 1948లో బెల్‌గ్రేడునందు వేఱు నిబంధనము జరిగెను. రెండునదులకు రెండు శాసనములు, రెండు సంఘములు. జలము గలిసినను శాసనము గలియలేదు. అంతకంటె గష్టమైనది యుద్ధము. కాలువ తెఱవబడుటకు నాలుగునెలల ముందే, 1992 మే నెలలో, యుగోస్లావియాపై ఐక్యరాజ్యసమితి వర్తకనిషేధము విధించెను. అందుచే నడుమ డాన్యూబుమార్గమునకు విఘ్నము గలిగెను. 1999లో నోవిసాదు పట్టణమునందలి వంతెనలు బాంబులచే గూలి నదిలో బడెను. అచ్చట వేసిన తాత్కాలికపు దెప్పవంతెన 2005 వఱకు నావలకు జిక్కు కలిగించుచుండెను. మిట్టను జయించిన నావ వంతెనశిథిలముల ముందు నిలిచిపోయెను.

నదీముఖమున వేఱొక విషాదచరిత్ర గలదు. డాన్యూబు డెల్టాను జుట్టిపోకుండ జెర్నావోదానుండి కాన్‌స్టాంట్జా రేవునకు 64 కిలోమీటర్ల కాలువను రుమేనియా ప్రభుత్వము 1949లో నారంభించెను. ఆ పనిలో రాజకీయబందీలను, పల్లెకాపులను బలవంతముగ నియోగింపగా బెక్కుమంది ప్రాణములు పోయెను. 1953లో బని నిలిచి, 1970 తరువాత మరల మొదలై 1984లో ముగిసెను. నేడు రైనుముఖమునందలి రాటర్‌డాము రేవునుండి నల్లసముద్రము వఱకు సుమారు 3,500 కిలోమీటర్లు నావపై బోవచ్చును. ఆ దారిలో గడపటి 64 కిలోమీటర్ల మూల్యము టన్నులలో లెక్కింపరానిది.

మఱి ఫలమేమి? సరకురవాణా యాశించినంత పెరుగలేదు. జలమార్గబల మత్యంత దుర్బలభాగముచే నిర్ణీతమగును. బవేరియాలోని ష్ట్రౌబింగు, ఫిల్స్‌హోఫెనుల నడుమ సుమారు డెబ్బది కిలోమీటర్లు డాన్యూబు ఆనకట్ట లేక పాఱుచున్నది. వానలులేని మాసములలో నచ్చట లోతు చాలదు. ఆ భాగమున నానకట్ట గట్టరాదని 2013లో బవేరియా ప్రభుత్వము నిశ్చయించెను. మొత్తముమార్గము నెఱిగి యది లేని లాభము నష్టపోయెనని కొందఱును, మిగిలిన నదినైన దక్కించుకొంటిమని కొందఱును నందురు. కాని తలంపని ఫలము రెండు గలవు. ఒకటి మేలు: డాన్యూబునుండి యెత్తిన నీరు కాలువమార్గముననే మిట్టదాటి, నీటికొఱత గల ఫ్రాంకోనియాకు బోవుచు రెగ్నిట్జు, మైనులను వేసవిలో బోషించుచున్నది. నావలకొఱకు ద్రవ్విన కాలువ నీరును మోయుచున్నది. రెండవది కీడు: నల్లసముద్రప్రాంతపు బీలువంటి చిన్నరొయ్యజాతులును, గోబీ యను చేపలును కాలువదాటి రైనులో వ్యాపించి, అచ్చటి ప్రాతజీవములను దఱుముచున్నవి. జలవిభాజకము నావలకే గాక ప్రాణులకును హద్దు. తలుపు తెఱచినవారు వచ్చువారి నెన్నుకొనజాలరు.

వ్యాకరణమున రెండు వర్ణములు మిక్కిలి దగ్గఱగ వచ్చినచో సంధి కలుగును. కాని యూరక కలుగదు. ఒకచో లోపము, ఒకచో నాగమము, ఒకచో నాదేశము జరుగును. కొన్నిచోట్ల వర్ణములు ప్రకృతిభావమున నిలుచును. నదీసంధియు నట్టిదే. ఆల్ట్‌మ్యూలు పూర్వరూపము లోపించెను; రైనులో గ్రొత్తప్రాణు లాగమించెను; బండిదారికి నీటిదారి యాదేశమైనది; ష్ట్రౌబింగునకు దిగువ డాన్యూబు ప్రకృతిభావమున మిగిలెను. వీనిని ముందెఱుగక సంధి చేయబూనినవారు తరువాత నాశ్చర్యపడుదురు.

మన దేశమున నదులను గలుపవలెనను నాలోచన చాలకాలమునుండి యున్నది. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివఱకుగల కాలువలు, గోదావరీ కృష్ణాభాగములతో జాతీయజలమార్గముగ బ్రకటింపబడెను. నీటిని మిట్టదాటింప దలచువారికిని, ప్రాతకాలువలను నావలకు మరల దెఱువ దలచువారికిని షార్లమేను కందకము ముందుగ నడుగు ప్రశ్నలు మూడు: మిట్టమీద నీరున్నదా? ఈ కాలమున కీ మార్గ మక్కఱయా? ఇరువైపులవారి సంధి నిలుచునా? ఈ మూటికి నుత్తరము దొరకినపిమ్మట గడ్డపాఱ యెత్తుట సులభము. దొరకకముందే యెత్తినచో మిగులునది గ్రాబెను పల్లెవలె నొక గోతియును, దానిపేరును మాత్రమే.